ఈ నీళ్ళు కాచినా పనికిరావు

అక్కా! నీళ్ళు కాచి తాగాలని ఇదివరకే చదువుకున్నం. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయాలని చదువుకున్నం. అవి క్రిములకు మందు. నూనె కలిసిన నీళ్ళకు ఆ మందు పని చేయదు.

ఇక్కడ నూనె అంటే వంటనూనె కాదు. పెట్రోలు, డీజిలు, గ్యాస్ నూనె.

చెన్నైలో తండయారుపేట ఉంది. అక్కడ మన తెలుగువాళ్ళు కూడా ఉంటారు. 2013లో అక్కడ బోరు మోటరు వేస్తే నీళ్ళు పెట్రోలు వాసన వచ్చినయి. ఎందుకు? రేవు నుండి డిపోకు నూనె తెచ్చే పైపు భూమిలో కారింది. అది భారత్ పెట్రోలియం కంపెనీ పైపు. నూనె మన్నులో ఇంకి, నీళ్ళ దాకా దిగింది.

మన ఊళ్ళల్లో అంత పెద్ద పైపే కారనక్కర లేదు. బావి ఒడ్డున ఆయిలింజను డీజిలు ఒలికినా ముప్పే. ట్రాక్టరు పాత ఆయిలు అక్కడ పారబోసినా ముప్పే.

నూనె తేలిక. నీళ్ళ మీద తేలుతుంది. కానీ కొంత నీళ్ళలో కరుగుతుంది. అది కంటికి కనబడదు. పెట్రోలులో బెంజీన్ అనే విషం ఉంది. ఏండ్ల తరబడి తాగితే రక్త క్యాన్సరు రావచ్చు.

బోరింగు నీళ్ళ మీద రంగుల పొర కనబడిందా? వెంటనే భయపడవద్దు. ఇనుము ఉన్న నీళ్ళకూ పొర కడుతుంది. పుల్లతో కదిలించండి. పెంకుల్లాగ ముక్కలైతే అది ఇనుము పొర. విడిపోయి మళ్ళీ కలిస్తే నూనె. వాసన కూడా చెప్తుంది.

నూనె అయితే ఆ నీళ్ళు తాగవద్దు, వండవద్దు. పొయ్యి మీద పెట్టవద్దు, ఆవిరి అంటుకోవచ్చు. బావి దగ్గర బీడీ ముట్టించవద్దని మగవాళ్ళకు గట్టిగా చెప్పండి. బావిలోకి ఎవరినీ దించవద్దు. లోపలి గాలి ప్రాణం తీస్తుంది.

మరి బాగు చేసేది ఎట్ల? ముందు కారేది ఆపాలి. తేలే నూనెను పంపుతో తోడాలి. తర్వాత భూమిలోకి గాలి పంపుతారు. మన్నులో నూనెను తినే సూక్ష్మజీవులు ఉంటయి. గాలి అందితే అవి పెరుగుతయి. తోడిన నీళ్ళను ప్రత్యేకమైన బొగ్గు గుండా పంపుతారు. పొయ్యి బొగ్గు కాదు. ఈ పనికి ఏండ్లు పడుతుంది. ఇంజనీర్లు చేసే పని, మనం చేసేది కాదు.

మనం చేసేది కాగితం రాసుడు. ఇట్ల రాయండి:

“సర్పంచ్ గారికి, మా వాడకట్టు బావి నీళ్ళు డీజిలు వాసన వస్తున్నవి. నీళ్ళు పరీక్ష చేయించండి. అందాక ట్యాంకరు పంపండి.”

ఇంకో కాగితం మీద ఇదే రాసి మీ దగ్గర ఉంచుకోండి. కింద వేలిముద్ర వద్దు, సంతకం పెట్టండి.