సివిల్ మాస్టర్స్: న్యూజిలాండ్ బిట్స్

న్యూజిలాండ్ అర్హతల చట్రంలో స్థాయులు 10. మాస్టర్స్ 9, పీహెచ్‌డీ 10. ఏడాది చదువుకు 120 క్రెడిట్లు. 240 అయితే రెండేళ్లు. ముందు ఆఫర్ లెటర్, ఆ తర్వాతే స్టూడెంట్ వీసా.

వాషింగ్టన్ ఒప్పందం (ఇంజినీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు): 1989. తొలి 6 సభ్యదేశాల్లో న్యూజిలాండ్ ఒకటి. భారత్‌కు శాశ్వత సభ్యత్వం 2014 జూన్ 13న. మన తరఫున ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్). మెలిక ఇక్కడే: ఒప్పందం బీటెక్‌కే, ఎంటెక్‌కు వర్తించదు. అదీ ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపున్న కోర్సులకే.

భూకంప ఇంజినీరింగ్‌కు పేరు: కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం, క్రైస్ట్‌చర్చ్ (1873). అక్కడి 2011 ఫిబ్రవరి 22 భూకంప మృతులు 185. ఒక్క సీటీవీ భవనంలోనే 115.

భూకంపాల నుంచి భవనాలను కాపాడే లెడ్ రబ్బర్ బేరింగ్: రూపకర్త న్యూజిలాండ్ శాస్త్రవేత్త బిల్ రాబిన్సన్. రబ్బరు, ఉక్కు పొరల నడుమ సీసపు దిమ్మె. నేల ఊగినా భవనానికి ఆ ఊపు అంతగా చేరదు. వీటిని వాడిన తొలి భవనం: విలియం క్లేటన్ బిల్డింగ్, వెల్లింగ్టన్. 2001 గుజరాత్ భూకంపం తర్వాత మళ్లీ కట్టిన భుజ్ ఆసుపత్రిలోనూ ఇవే (అడగొచ్చు).