రబ్బరు ఎంపిక – పరీక్ష

అనంతపురం పీఠభూమిలో సంవత్సరపు సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. బత్తలపల్లె వంటి చోట బోరింగు చెడిపోతే ఎండలో బిందె పట్టుకొని దూరం నడవవలసినవారు ఇంటి ఆడవారే. అట్లు చెడుటకు పెద్ద యంత్రభాగమే విరగనక్కరలేదు; లోపల పైకీ క్రిందికీ ఆడే చిన్న గిన్నె వాషరు అరిగినా చాలును.

1970వ దశకంలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపులో ఈ వాషరును తోలుతో చేసేవారు. తోలు నీటిలో నాని ఉబ్బుతుంది. ఒక ముక్క వలె మరొక ముక్క ఉండదు. ఇసుక నీటిలో త్వరగా అరుగుతుంది. 1983-88 మధ్య కోయంబత్తూరు ప్రాంతపు గ్రామాలలో పంపులను నిత్యవాడుకలోనే ఉంచి పరిశీలించగా, నైట్రైల్ రబ్బరు వాషర్లు తోలువాటికంటె ఎక్కువకాలం మన్నినవని తేలింది.

రబ్బరు ఒకే పదార్థం కాదు. సహజ రబ్బరుకు బలం, చిరుగును తట్టుకొనే గుణం మెండు. కాని నూనెలో ఉబ్బుతుంది, ఓజోను వలన పగుళ్లు పడుతుంది. బ్యూటాడయీన్, అక్రిలోనైట్రైల్ కలయికతో పుట్టిన నైట్రైల్ రబ్బరు నూనెకూ, ఒరిపిడికీ ఓర్చుకొంటుంది. ఎండకు అంతగా ఓర్వదు. ఇ.పి.డి.ఎం. రబ్బరు ఎండను, ఓజోనును, వేడినీటిని భరిస్తుంది, నూనెను భరించదు. సిలికోన్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి నిలుస్తుంది. కాని సులభంగా చిరుగుతుంది. కనుక ఆ భాగం దేనిని ఎదుర్కొంటుంది అన్నదే మొదటి ప్రశ్న.

కర్బనపు మసి కలుపుటచేత రబ్బరు భాగాలు చాలావరకు నల్లగానే ఉంటాయి. కన్ను వాటిని వేరుచేయలేదు. అందుకే పరీక్షలు. ఐ.ఎస్. 3400 అను భారతీయ ప్రమాణం వీటి పద్ధతులను నిర్దేశిస్తుంది: షోర్-ఎ మాపకంతో కాఠిన్యం, లాగి తెంపి తన్యతా బలం, వేడి పెట్టెలో ఉంచి వార్ధక్యం, ద్రవంలో ముంచి ఉబ్బు కొలుస్తారు. మూతబిళ్లలకు ముఖ్యమైనది నొక్కుడు శేషం. 12 మి.మీ. మందం గల ముక్కను 9 మి.మీ.కు నొక్కి, నిర్ణీత కాలం వేడిలో ఉంచి వదిలితే 11.4 మి.మీ.కు మాత్రమే లేచినదనుకొందాం. నొక్కినది 3 మి.మీ., తిరిగి రానిది 0.6 మి.మీ.; కాబట్టి శేషం 20 శాతం. ఇది ఎంత తక్కువైతే మూత అంత కాలం బిగువుగా ఉంటుంది.

మన ప్రయోగశాలలోనూ ఒక పరీక్ష చేయవచ్చు. రబ్బరు ముక్కను తూచి, రాత్రంతా కిరోసిన్‌లో ఉంచి, తుడిచి మరల తూచండి. బరువు బాగా పెరిగి ముక్క ఉబ్బితే, నైట్రైల్ పేరిట అమ్మినా దానిని అనుమానించవలసినదే.

అయితే ప్రయోగశాల తగనివాటిని తొలగించగలదే గాని, చివరి తీర్పు చెప్పలేదు. ఇసుక, నీరు, దినమంతా కొట్టే చేతులు కలిసిన చోట నిలిచినదే మంచి రబ్బరు. కొనేవారు వెలతోపాటు పరీక్షాపత్రాన్ని కూడా అడగాలి. చిన్న వాషరు వద్ద మిగుల్చుకొన్న రూపాయిలకు మూల్యం చెల్లించేది ఎండలో బిందె మోసే తల్లి.