మందుల చీటీపై ఆంగ్లపదములు

ఆకివీడు మెడికల్ షాపులలో బేరమంతయు తెలుగుననే జరుగును. అడుగువారును తెలుగువారే, ఇచ్చువారును తెలుగువారే. అయినను డాక్టరు వ్రాసిన చీటీపైనను, మాత్రల స్ట్రిప్పుపైనను ఉండు మాటలు పరభాషవి. దుకాణదారు నోటితో చెప్పినది ఇంటికి వచ్చుసరికి సగము మరపునకు వచ్చును. అటుపై ఆధారము ఆ అక్షరములే. చదువుకొనుచున్న పిల్లలున్న ఇంట ఈ కొన్ని మాటలను వారిచే పెద్దలకు చదివించుట మేలు.

అన్నిటికంటె ముందు నేర్వవలసినవి రెండే: డైలీ, వీక్లీ. డైలీ యనగా ప్రతిదినము. వీక్లీ యనగా వారమున కొకమారు. కీళ్లవాతమునకు ఇచ్చు మెథోట్రెక్సేట్ మాత్రను వారమునకు ఒక్క దినమే వేసికొనవలెను. దానిని పొరబడి ప్రతిదినము మ్రింగినచో నోరు పుండ్లు పడును, రక్తము పుట్టు ఎముకల మూలుగ దెబ్బతినును, ప్రాణమునకే ముప్పు వచ్చును. ఈ ఒక్క మాట తప్పు చదువుటచే అనేక దేశములలో మరణములు సంభవించినవి. కావున చీటీపై ‘వన్స్ ఎ వీక్’ అని యున్నచో ఏ వారము వేసికొనవలెనో అడిగి, ‘సోమవారము మాత్రమే’ అనియో మరియొక వారమో తెలుగున స్ట్రిప్పుపై వ్రాయించుకొనవలెను. ఈ మందునకు ఈ సీమతో చుట్టరికము గలదు. ఆకివీడునకు దాపుననున్న భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధనల ఫలమే మెథోట్రెక్సేట్. బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజైన్ కూడ అచ్చటిదే. భీమవరమున పుట్టినవాని మందును భీమవరము ఇరుగుపొరుగువారే తప్పు చదువుకొనుట ఎంత విచారకరము!

చీటీపై కనబడు పొడి అక్షరములు నిజమునకు ఆంగ్లము కావు, లాటిన్. ఓ.డి. దినమున కొకమారు, బి.డి. రెండు మార్లు, టి.డి.ఎస్. మూడు మార్లు, హెచ్.ఎస్. నిద్రకు ముందు. కంటివైద్యుని చీటీపై మాత్రము ఓ.డి. యనగా కుడికన్ను! ఎస్.ఓ.ఎస్. అని చూచి కొందరు ప్రమాద సంకేతమని బెదరుదురు. అవసరమైనచో వేసికొనుమని మాత్రమే దాని భావము. నొప్పి లేనినాడు ఆ మాత్రతో పని లేదు. ఆంగ్లమున పట్టభద్రులైనవారును ఇచ్చట తికమకపడుదురు గనుక అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

కొలతల కడ మరింత మెలకువ వలయును. మిల్లీగ్రామునకు, మైక్రోగ్రామునకు వేయిరెట్ల భేదము గలదు; థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాములలో నుండును. టీస్పూను అనగా 5 మిల్లీలీటర్లు. వంటింటి చెంచాలు తలకొక పరిమాణమున నుండును గాన సీసాతో వచ్చిన కొలత మూతనే వాడవలెను. ‘ఎక్స్‌పైరీ’ కడ నెల పేరు మాత్రమే యున్నచో ఆ నెల కడపటి దినము వరకు ఆ మందు చెల్లును. ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అనగా పైపూతకే, మ్రింగుటకు కాదు.

కొల్లేటి పరిసరములలో చేపల, రొయ్యల చెరువులున్న ఇండ్లవారు మరియొక మాటను గుర్తింపవలెను: ‘నాట్ ఫర్ హ్యూమన్ యూజ్’, అనగా మనుష్యులకు పనికిరాదు. చెరువుమందులను, పశువుల మందులను, బిడ్డల దగ్గుమందును ఒకే అలమరలో ఉంచుట తగదు.

పిల్లల కడకు అమెరికా వెళ్లు తల్లిదండ్రులకు వేరొక చిక్కు గలదు. అచ్చట ‘మెడికల్ షాపు’ అన్నచో ఎవరికిని తెలియదు, ‘ఫార్మసీ’ అనవలెను. ఇంగ్లండులో ‘కెమిస్ట్’ అన్నను చెల్లును. ఇచ్చటి పారాసిటమాల్ అమెరికాలో ‘ఎసిటమినోఫెన్’ అగును. పేరు వేరైనను మందు ఒక్కటే. ఇంటినుండి తెచ్చుకొన్నది, అచ్చట కొన్నది రెండును కలిపి వేసికొనినచో మోతాదు మించి కాలేయము చెడును. పెన్సిలిన్ పడనివారు ‘ఐ యామ్ అలర్జిక్ టు పెన్సిలిన్’ అను వాక్యమును కంఠస్థము చేయవలెను. ‘రీఫిల్’ అను మాట ప్రక్క అంకె యున్నచో అన్ని మార్లు డాక్టరు కడకు పోకయే ఆ మందును మరల తీసికొనవచ్చును. సున్న యున్నచో క్రొత్త చీటీ వలయును.