విజయపురి దర్శనము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల వారు త్రాగు నీటిలో కృష్ణానది నీరును గలదు. అది నాగార్జునసాగర జలాశయమునుండి సాహెబ్‌నగర్ చేరి, 2004వ సంవత్సరము మొదలుకొని మన నగరమునకు వచ్చుచున్నది. ఆ జలాశయపు అడుగున నొక పట్టణము గలదని మన విద్యార్థులలో నెందరెరుగుదురు?

దాని పేరు విజయపురి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో నది ఇక్ష్వాకు రాజుల రాజధాని. 1926లో ఎ. రంగస్వామి సరస్వతిగారు దాని శిథిలములను గుర్తించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసినందున, 1954 మొదలు 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున త్రవ్వకములు జరిగెను. ఒకవంక కట్ట లేచుచుండెను, వేరొకవంక పలుగు దిగుచుండెను. లోయలోని పల్లెవాండ్రును ఇల్లు వాకిలి విడిచి పోవలసివచ్చెను. వారి యిండ్లకు ప్రదర్శనశాల లేదు.

ఎల్.బి.నగర్ చెంత చీలు సాగరు రహదారిని పోయి, జలాశయము దాటి విజయపురి సౌత్ రేవున లాంచీ యెక్కినచో నాగార్జునకొండ చేరుదుము. నేడది ద్వీపము, పూర్వము లోయను కాచిన కొండ. ముఖ్యమైన కట్టడములు కొన్నిటిని విప్పి తెచ్చి యిచట మరల నిలిపిరి.

ప్రదర్శనశాలలోని సున్నపురాతి శిల్పములలో బుద్ధుని కథలే మెండు. తొందరపడక చూచువారికి వేరొక శిల్పమును కనబడును: గడ్డముగల పురుషుడు, చేత పానమునకు కొమ్ము, ప్రక్కను మద్యపు పీపాయి. గ్రీకుల మద్యదేవుడగు డయోనిససని కొందరు పండితుల మతము. ఇది వింత గాదు. బోధిశ్రీ యను ఉపాసిక శాసనమున కాశ్మీర, గాంధార, చీన, తామ్రపర్ణి దేశములతో బాటు యవనదేశపు పేరును పండితులు చదివిరి. దాతలలో స్త్రీలే ముందున్నారు. వీరపురుషదత్తుని మేనత్త శాంతిశ్రీ ఆ రాజు 6వ పాలనాసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములు నిలిపించెను. మన బాలికలీ సంగతి గమనింతురుగాక.

పిదప తీరమున అనుపునకు పోవలయును. అచట మరల కట్టిన క్రీడాప్రాంగణము గలదు. దానిని గ్రీకు నాటకశాలతో పోల్చుట వాడుక. ఆ పోలికను నేను సగమే యొప్పుకొందును. గ్రీకులు కొండవాలున అర్ధచంద్రాకారముగా మెట్లు తొలిచిరి. ఇచట నడుమ దీర్ఘచతురస్రపు బయలు, నాలుగువంకల ఇటుకమెట్లు. మధ్యాహ్నమున పిల్లలామెట్లపై కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తినుదురు. ఆ మెట్ల మొదటి చోటు మాత్రము కనుచూపు మేర నున్న నీటి క్రిందనే యున్నది.