చిత్రములోని మోషే, వాక్యములోని మోషే

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 2:1–10, 4:10–16

ప్రియులారా, 1998లో వెలువడిన 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' అను బొమ్మల చలనచిత్రము మోషే చరిత్రను చూపుచున్నది. దీనిని మన పిల్లలకు చూపవచ్చునా? దేనినైనను పరీక్షించి, అందులో మేలైనదానిని పట్టుకొనవలెనని పౌలు థెస్సలొనీకయులకు నేర్పెను గదా.

ఇందులో మేలు కలదు. ద్వారబంధములపై రక్తమును, పాయలైన సముద్రమును చూచి పిల్లలు దేవుని శక్తిని తెలిసికొందురు. కథలో కొన్ని మార్పులు చేసితిమని చిత్రము ప్రారంభమందే ఒప్పుకొనుచున్నది.

అయితే ఆ మార్పులేవి? జమ్ముపెట్టెను నీటిలోనుండి తెప్పించినది ఫరో కుమార్తె. చిత్రములో ఫరో భార్య. ఇది చిన్నది. రెండవది పెద్దది. వాక్యములోని మోషే మాటనేర్పు లేనివాడు. అందుచేత దేవుడు అహరోనును అతనికి నోరుగా నిచ్చెను. చిత్రములోనైతే మోషే తానే ధారాళముగా మాటలాడును. అహరోను సందేహించువాడుగా కనబడును.

సండేస్కూలులో నత్తివలన వచనము అప్పగింపలేక తలవంచుకొను బిడ్డకు ఏ మోషే కావలెను? చిత్రములోని వీరుడు వానికి సంతోషమిచ్చును. మాట తడబడిన మోషే వానికి ధైర్యమిచ్చును.

తలిదండ్రులారా, చిత్రము చూపుడి. ఆ రాత్రియే కుటుంబ ప్రార్థనలో పై రెండు భాగములను చదివించి, భేదమేమని పిల్లలనే అడుగుడి. నోరిచ్చిన దేవుడు వారికి మాటయు నిచ్చునుగాక. ఆమేన్.