కండరాన్ని తొందరపెట్టవద్దు

ఉగాది దగ్గరపడేసరికి మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో కానుగ చెట్లు లేతాకు తొడుగుతాయి. వేప పూస్తుంది. నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు ముగిసి, మిరప కోతలు చివరికి వస్తాయి. బడులు ఒంటిపూట అవుతాయి. ఈ రోజుల్లోనే మీలో చాలామంది "రేపటినుంచి పొద్దున్నే లేచి ఆసనాలు వేస్తాను" అని నిశ్చయించుకుంటారు. మొదటిరోజు ఇరవై సూర్య నమస్కారాలు చేస్తారు. మూడోరోజు మెట్లు దిగలేక మూలుగుతారు. నాలుగోరోజుకి యోగాభ్యాసం అటకెక్కుతుంది! బద్ధకమని పెద్దలు కోప్పడతారు గాని, అసలు కారణం కండరం స్వభావం తెలియకపోవడమే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎత్తయిన అరుగుమీద కాళ్లు వేలాడేసి కూర్చోండి. మోకాలిచిప్పకు సరిగ్గా కిందిభాగంలో అరచేతి అంచుతో తట్టమని స్నేహితునితో చెప్పండి. సరైన చోట తగిలితే కాలు టక్కున ముందుకు ఎగురుతుంది. మీరు తన్నాలనుకోలేదు, అయినా కాలు తన్నింది. ఎందుకు?

తట్టినప్పుడు తొడ ముందుభాగపు కండరం హఠాత్తుగా సాగింది. కండరాల లోపల రాట్నపు కదురులాగా, కొసలు సన్నగా, మధ్యలో లావుగా ఉండే గ్రాహకాలు ఉంటాయి. వీటిని కండర కదుళ్లు అంటారు. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అనే రెండు సంగతులూ ఇవి వెన్నుపాముకు చేరవేస్తాయి. సాగడం మరీ వేగంగా ఉంటే వెన్నుపాము మెదడు అనుమతికోసం కాచుకోదు. వెంటనే "ముడుచుకో" అని ఆజ్ఞ ఇస్తుంది. మీరు పాఠంలో చదివిన అసంకల్పిత ప్రతీకార చర్య ఇదే.

ఇప్పుడు పశ్చిమోత్తానాసనం సంగతి చూద్దాం. కాలి బొటనవేళ్లు అందుకోవాలని ఊపుతో వంగారనుకోండి. తొడ వెనక కండరాలు వేగంగా సాగుతాయి. కదుళ్లు కబురు పంపుతాయి. మీరు సాగదీయాలనుకున్న కండరమే బిగుసుకుంటుంది! అలాకాక నిదానంగా వంగి, కాస్త లాగుతున్నట్లు తెలిసినచోట ఆగి, అయిదారు శ్వాసలు గడిపితే ఈ పెనుగులాట చాలా తగ్గుతుంది. మరో విశేషం. కొద్ది వారాల్లో మీ వేళ్లు ఒక అంగుళం ముందుకు వెళ్లాయంటే కండరమే పొడుగైందని అనుకుంటాం. కాని అందులో ఎక్కువభాగం, ఆ లాగుడును ఓర్చుకోవడం నాడీమండలం నేర్చుకోవడంవల్ల వచ్చినదే. ఓర్పు బెత్తంతో రాదు కదా.

కళ్లు మూసుకుని ఒక చేతిని పైకెత్తండి. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే మీకు తెలుస్తుంది. కండరాలు సాగడాన్ని పసిగట్టే పియజో అనే ప్రోటీన్లను ఆర్డెమ్ పటాపౌటియన్ బృందం 2010లో ప్రకటించింది. ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని పంచుకున్న రెండో శాస్త్రవేత్త ఎవరనుకున్నారు? మిరపకాయ మంటకు కారణమైన కాప్సైసిన్ సాయంతో, నాడులలో వేడిని గుర్తించే గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్! కారం తింటే "నోరు కాలింది" అంటాం. నాడికి సంబంధించినంతవరకు ఆ మాట నిజమే. గుంటూరు మిరపకు, ఆసనానికి ఒకే బహుమతిలో చోటు దొరకడం నాకు మహా ముచ్చటగా ఉంటుంది.

ఆసనంలో ఉన్నప్పుడు ఈ కబుర్లను గమనించడమే అసలు పని. ఎక్కడ లాగుతోంది? ఎక్కడ బిగిసింది? మనసు క్రికెట్ మీదికి పోతుంది. పోనివ్వండి. మళ్లీ మెల్లగా తీసుకురండి.

శ్వాసకు కూడా ఒక ప్రయోగం ఉంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా గాలి పీల్చండి, నిదానంగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగిరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గుండెను నిదానింపజేసే వేగస్ నాడి ప్రభావం గాలి వదిలేటప్పుడు ఎక్కువవుతుంది. మీ వయసులో ఈ తేడా పెద్దవాళ్లలోకంటే స్పష్టంగా తెలుస్తుంది. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2001లో ప్రకటించిన పరిశోధనలో, క్రైస్తవుల జపమాల ప్రార్థన చదివినా, యోగమంత్రం చదివినా శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు దిగింది! పదో తరగతి పరీక్షలో ప్రశ్నపత్రం అందేలోపు గుండె దడదడలాడితే, పీల్చినదానికంటే ఎక్కువసేపు గాలి వదులుతూ పదిసార్లు శ్వాసించండి. చదవని పాఠం గుర్తుకు రాదు గాని, చదివింది వెతుక్కోవడానికి కాస్త స్తిమితం చిక్కుతుంది. ఊపిరి మాత్రం బిగపట్టవద్దు.

వసంతంలో ఆసనాలు వేస్తే రక్తం శుభ్రపడుతుందని కొందరు చెబుతారు. ఆ పనికి మీ మూత్రపిండాలు ఉన్నాయి. అన్ని ఋతువుల్లోనూ రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడుతూనే ఉంటాయి.

మధ్యాహ్నం మిరప కోతకు వెళ్లే పిల్లలకు ఒక మాట. ఒంటిపూట బడి పెట్టింది మీరు ఎండలో లేకుండా ఉండటానికి. ఈ సంగతి నేను చెప్పానని ఇంట్లో చెప్పండి. అయినా వెళ్లక తప్పనివాళ్లు గంటలకొద్దీ ముందుకు వంగే ఉంటారు కనుక, మళ్లీ వంగే ఆసనాలు వద్దు. బోర్లా పడుకుని ఛాతీని మెల్లగా పైకెత్తే భుజంగాసనం మీకు తగినది. మొదటివారం రోజుకు రెండుసార్లు. తరువాత వారానికి ఒకటి చొప్పున పెంచండి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు రక్తప్రసరణ తక్కువ, అవి కండరంకంటే ఆలస్యంగా బలపడతాయి. పత్తి పోగునే చూడండి. ఒక్కో పోగూ ఒకే ఒక కణం. పూసిన తరువాత సుమారు మూడు వారాలు పొడుగు సాగి, ఆపైన గోడలో రోజుకొక పొర చొప్పున సెల్యులోజ్ చేర్చుకుంటుంది. పచ్చికాయను పగలగొట్టి తీసిన పోగు నూలుకు పనికిరాదు.

నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి. మిరప కళ్లం పక్కన మాత్రం శ్వాస అభ్యాసం ఎవరూ చేయవద్దు. ఆ ధూళి గొంతులోకి పోతే దగ్గు తప్ప మరేమీ రాదు. తెల్లవారుజామున, కళ్లంలో కాయలు తిరగేయకముందే, గాలి వచ్చే దిక్కున చాప వేసుకోండి.