కార్చిచ్చు: దారిలో ఎదురైతే, ఇంటి దాకా వస్తే

అడవిమంటకు తెలుగులో కార్చిచ్చు అని పేరు. కాఱు అంటే అడవి. కారడవి, కారెనుము అనే మాటలలో ఉన్నది ఈ కాఱే. చిచ్చు అంటే నిప్పు. సంస్కృతంలో దావానలం అన్నా ఇదే అర్థం. ఖాండవ దహనం కథ మనమందరం చిన్నప్పుడు విన్నదే. అయినా మనలో చాలామంది సముద్రతీరానో, కాలువల కింది పల్లెలలోనో పుట్టి పెరిగినవాళ్ళం. మనకు అనుభవంలో ఉన్న ఉపద్రవాలు తుఫాను, వరద, కరువు. కెనడా వచ్చి స్థిరపడిన తరువాత చలికి సిద్ధపడటం నేర్చుకున్నాం కాని, వేసవిలో నిప్పుకు సిద్ధపడటం ఇంకా నేర్చుకోలేదు. ఆ పాఠం మా కుటుంబానికి 2024 జూలై 22వ తేదీ రాత్రి జాస్పర్‌లో అందింది.

కాల్గరీ నుండి బయలుదేరి, మంచుకొండల మధ్య దారిలో నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి జాస్పర్ చేరుకున్నాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, ఇండియా నుండి వచ్చిన మా అమ్మ. ఆ సాయంత్రం కొండల వెనుక పొగ లేచింది. ఎక్కడో దూరాన అనుకున్నాం. రాత్రి పది గంటల ప్రాంతంలో అందరి చేతిఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. ఊరివారు, యాత్రికులు, అందరూ వెంటనే పశ్చిమంగా, బ్రిటిష్ కొలంబియా వైపు వెళ్ళిపోవాలని ఆజ్ఞ. తూర్పు దారిని, దక్షిణపు దారిని మంటలు మూసివేశాయి.

నా బండిలో పెట్రోలు పావు ట్యాంకే ఉంది. పొద్దున్నే పోయించుకోవచ్చులే అని సాయంత్రం బంకు దాటి వచ్చిన బుద్ధిమంతుణ్ణి నేనే. పిల్లల బట్టలు ఒక గదిలో, పాస్‌పోర్టులు ఒక పెట్టెలో, ఫోన్ల తీగలు మంచం కింద. మా అమ్మ మాత్రం చేతిసంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అందులో ఆమె పాస్‌పోర్టు, రక్తపోటు మాత్రలు, కళ్ళజోడు, నీళ్ళసీసా, టార్చిలైటు. “ఎప్పుడు సర్దావమ్మా?” అన్నాను. “విప్పితే కదరా సర్దటానికి!” అన్నది. ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి.

నూట ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న వాలెమౌంట్ చేరేసరికి బండిలో ముల్లు అడుగుకు అంటింది. అక్కడ పెట్రోలు కోసం పెద్ద వరుస. వచ్చిన దారి మూసుకుపోయింది గనుక కామ్‌లూప్స్ మీదుగా చుట్టి కాల్గరీ చేరేసరికి తిరుగుప్రయాణం వెయ్యి కిలోమీటర్లు దాటింది.

రెండు రోజులకు, జూలై 24వ తేదీ సాయంత్రం, మంట జాస్పర్ ఊరిని తాకింది. ఊళ్ళో ఉన్న 1,113 కట్టడాలలో 358 కాలిపోయాయి. అప్పటికే ఊరి నుండి, ఉద్యానవనం నుండి సుమారు 25,000 మందిని ఖాళీ చేయించారు కనుక సాధారణ ప్రజలలో ఒక్కరూ మంటలలో చనిపోలేదు. తరువాత, ఆగస్టు 3న, మంటలతో పోరాడుతూ ఒక యువ అగ్నిమాపకుడు చెట్టు మీద పడి మరణించాడు. ఇళ్ళను కాపాడలేని చోట కూడ, వేళకు కదలటం ప్రాణాలను కాపాడుతుందని ఈ సంఘటన చెబుతోంది.

మంట ఎలా నడుస్తుంది?

నిప్పు బ్రతకటానికి మూడు కావాలి: ఇంధనం, ప్రాణవాయువు, వేడి. పొయ్యి వెలిగించిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. మూడింటిలో ఏ ఒక్కటి తీసివేసినా నిప్పు చస్తుంది. అడవిలో ప్రాణవాయువును మనం తీయలేం. అందుచేత అగ్నిమాపకుల ప్రయత్నమంతా నీటితో వేడిని తగ్గించటం మీద, లేదా మంటకు ముందుగా చెట్లు కొట్టి, నేల గీకి, ఇంధనాన్ని తొలగించటం మీద ఆధారపడుతుంది. నల్లమలలో మన అటవీశాఖవారు వేసవికి ముందు ఏర్పరిచే ఫైర్ లైన్లకూ మూలసూత్రం ఇదే.

అడవిలో మంట మూడు అంతస్తులలో నడుస్తుంది. కుళ్ళిన ఆకుల పొర లోపల మంటలేని కుంపటిలా రాజుకునేది ఒకటి. ఇది మంచు కింద చలికాలమంతా దాగి ఉండి, వసంతంలో మళ్ళీ పైకి రాగలదు. నేలమీది గడ్డిని, పుల్లలను కాల్చుకుంటూ పోయేది రెండవది. చెట్ల కొమ్మలను నిచ్చెనగా ఎక్కి, తలల మీదుగా దూకుతూ పోయేది మూడవది. ఈ మూడవది విజృంభిస్తే నేలమీద నిలిచి దానిని ఆపటం మానవసాధ్యం కాదు.

గాలి మంటను ముందుకు వంచి, ఎదుటి చెట్లను ముందుగానే ఆరబెడుతుంది. కొండవాలు కూడ అదే పని చేస్తుంది. అందువల్ల మంట పల్లానికి దిగేదానికన్న మిట్టకు ఎక్కేటప్పుడు ఎంతో వేగంగా పోతుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని దగ్గర కురంగణి కొండలలో కాలినడకన వెళ్ళిన యాత్రికులు ఎండుగడ్డి వాలులో మంటకు చిక్కి, ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మంట కనబడినప్పుడు కొండ ఎక్కి తప్పించుకుందామనుకోవటం ప్రమాదకరం.

మంటల కాలం అంటే ఏమిటి?

మన శేషాచలం, నల్లమల అడవులకు మంటల కాలం ఫిబ్రవరి నుండి మే దాకా. చెట్లు ఆకు రాల్చి, వానలు ఇంకా రాని రోజులు. కెనడాలో ఇది సుమారుగా ఏప్రిల్ నుండి అక్టోబరు దాకా. మంచు కరిగి, పచ్చదనం ఇంకా చిగురించని వసంతకాలంలో నిరుటి గడ్డి ఎండి ఉంటుంది. దేవదారు జాతి చెట్ల సూదుల్లోనూ తేమ తక్కువగా ఉంటుంది. 2016 మే 3న ఫోర్ట్ మెక్‌మరీ నుండి 80,000 మందికి పైగా పారిపోవలసి వచ్చినది ఈ వసంతపు ముప్పులోనే. దక్షిణానికి వాళ్ళకున్నది ఒకటే రహదారి, 63వ నెంబరుది. ఊళ్ళో సుమారు 2,400 కట్టడాలు బూడిద అయ్యాయి.

ఏ రోజు ఎంత ప్రమాదమో చెప్పటానికి కెనడా అటవీశాస్త్రజ్ఞులు ఒక సూచికను తయారుచేశారు. 1970 నుండి వాడుకలో ఉంది. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలివేగం, వాన అనే నాలుగింటి నుండి దానిని లెక్క కడతారు. దానిలో మూడు తేమ లెక్కలు ఉన్నాయి. మన ఇంటి భాషలో చెప్పాలంటే, వరిగడ్డి ఒక్క పూటలో ఎండుతుంది, పిడక ఎండటానికి రెండు వారాలు పడుతుంది, మొద్దు ఎండటానికి నెలలు పడుతుంది. అడవిలోనూ పై చెత్తకు ఒక లెక్క, దాని కింది పొరకు ఒక లెక్క, లోతైన పొరకు ఒక లెక్క. నిన్న నాలుగు చినుకులు పడ్డాయని నేడు నిశ్చింతగా ఉండరాదు. గడ్డి తడిసినా మొద్దు ఎండే ఉంటుంది. రోడ్డు పక్కన ప్రమాదస్థాయి చూపే ముల్లు ఉన్న బోర్డులకు ఆధారం ఈ లెక్కలే.

2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్ల అడవి కాలింది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణానికి కొద్దిగా మాత్రమే తక్కువ. ఆ ఆగస్టులో ఎల్లోనైఫ్ నగరం మొత్తం, సుమారు 20,000 మంది, ఇళ్ళు విడిచి వెళ్ళారు. కనుక ఇది ఎక్కడో అరణ్యవాసుల సమస్య అనుకోవటానికి వీలులేదు.

ప్రయాణంలో పాటించవలసినవి

బయలుదేరే ముందు ఆ రాష్ట్రపు మంటల పటాన్ని, రహదారుల సమాచారాన్ని చూడండి. ఆల్బర్టాలో 511, బ్రిటిష్ కొలంబియాలో డ్రైవ్ బీసీ రహదారుల సంగతి చెబుతాయి. కొండప్రాంతాలలో సగం ట్యాంకుకు తగ్గగానే పెట్రోలు పోయించండి. చేరిన ఊరికి రెండు దారులు ఏవో ముందే తెలుసుకోండి. సెల్‌ఫోను అందని చోట్లు ఉంటాయి గనుక కాగితపు పటం ఒకటి బండిలో ఉంచండి.

బ్రిటిష్ కొలంబియాలో హెచ్చరిక వేరు, ఆజ్ఞ వేరు. అలర్ట్ అంటే సర్దుకుని సిద్ధంగా ఉండమని. ఆర్డర్ అంటే ఆ క్షణమే కదలమని. ముసలివారు, పసిపిల్లలు ఉన్నవారు అలర్ట్ రాగానే కదలటం ఉత్తమం.

దారిలో పొగ కమ్మితే దీపాలు వేసి, కిటికీలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా చేసి నెమ్మదిగా నడపండి. ఫోటోల కోసం ఆగవద్దు. వెనుదిరిగే అవకాశం ఉంటే తిరగండి. అన్ని దారులూ మూసుకుపోయిన పక్షంలో చెట్లూ గడ్డీ లేని చోట, కంకరనేల మీదనో, వెడల్పైన రోడ్డు మధ్యనో బండి ఆపి, కిటికీలకు దిగువగా వంగి, ఉన్ని దుప్పటి కప్పుకుని, మంట దాటిపోయేదాకా లోపలే ఉండటం బయట పరుగెత్తటంకన్న మేలు. పాలియెస్టర్ చీరలు, నైలాను దుస్తులు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. అడవిదారి ప్రయాణాలకు నూలుబట్టలు కట్టుకోవటం తెలివి. కొత్త మంట కనబడితే ఆల్బర్టాలో 310-3473 నెంబరుకు ఫోను చేయవచ్చు.

ఇంటి దగ్గర చేయవలసినవి

ఇళ్ళను కాల్చేది ఎదురుగా వచ్చే మంటలగోడ అని మనం ఊహించుకుంటాం. చాలా ఇళ్ళు అంటుకునేది గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వల వల్ల. 2023 ఆగస్టులో రవ్వలు ఒకనాగన్ సరస్సునే దాటి ఎదుటి ఒడ్డున కెలోనాలో మంటలు రేపాయి. 1990 దశకం చివర వాయవ్య ప్రాంతాలలో శాస్త్రజ్ఞులు అడవిని కావాలని అంటించి, దూరదూరంగా చెక్కగోడలు నిలబెట్టి పరీక్షించారు. పది మీటర్ల దూరాన గోడలు కొన్ని అంటుకున్నాయి. ముప్పై మీటర్ల దూరాన ఏదీ అంటుకోలేదు. అంటే అడవినంతటినీ మనం మార్చనక్కరలేదు. ఇంటి చుట్టూ ముప్పై మీటర్లు చూసుకుంటే చాలావరకు చాలు.

ఫైర్‌స్మార్ట్ కెనడా సంస్థ చెప్పే పద్ధతి ఇదే. గోడ నుండి మీటరున్నర దాకా మండేది ఏదీ ఉండరాదు: చెక్కపొట్టు వద్దు, కంకర మేలు. పది మీటర్ల దాకా జూనిపర్, సెడార్ వంటి నూనెగల పొదలు తీసివేయండి. వంటచెరకు గోడకు ఆనించి పేర్చవద్దు. ముప్పై మీటర్ల దాకా చెట్లను పలుచన చేసి, కింది కొమ్మలను రెండు మీటర్ల ఎత్తు వరకు నరకండి. చూరు గొట్టాలలోని ఎండుటాకులు ఏటా వసంతంలో తీసివేయండి. ఒక్క రవ్వకు అవే చాలు. మీది పట్టణంలో చిన్న ఇల్లయితే, మీటరున్నర, చూరు, ఈ రెండే మీ చేతిలో ఉన్న పని.

ఇంటి బీమా పత్రం తీసి చదవండి. ఇల్లు విడిచినప్పటి వసతి ఖర్చు అందులో ఉన్నదో లేదో చూడండి. మంట దగ్గరికి వచ్చాక కొత్త బీమా ఇవ్వరు. ప్రతి గది ఫోటోలు తీసి, కాపీని వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి.

పొగ మాట

మంట రాని ఊరికి కూడ పొగ వస్తుంది. 2023 జూన్‌లో క్విబెక్ అడవుల పొగ న్యూయార్కు ఆకాశాన్ని నారింజరంగుకు తిప్పింది. దానిలో రెండున్నర మైక్రాన్ల కంటె సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరుతాయి. ఆస్త్మా, గుండెజబ్బు ఉన్నవారికి హాని. గాలి నాణ్యత సూచిక ఏడు దాటిన రోజున పెద్దవాళ్ళను నడకకు పంపవద్దు. బయటికి పోక తప్పకపోతే గుడ్డముక్క చాలదు, ఎన్ 95 ముసుగు కావాలి. కిటికీలు మూసిన ఆ రోజుల్లో ఇంట్లో అగరువత్తులు, సాంబ్రాణి, నూనెలో వేయించే వంటలు మానండి; అవి వెదజల్లేదీ ఆ సన్నని రేణువులనే.

మా అమ్మ ఇండియా తిరిగి వెళ్ళిపోయింది. ఆమె సంచిని చూసి మేము ఐదు సంచులు కట్టుకున్నాం. ఐదవది ఆమె మళ్ళీ వస్తే కావాలని. ఒక్కొక్కదానిలో పౌరసత్వపు కాగితాల నకళ్ళు, రెండు వారాల మందులు, ఒక జత నూలుబట్టలు, ముసుగులు, టార్చి, కొంచెం నగదు. అవి గుమ్మం పక్కన కొయ్యకు వేలాడుతున్నాయి. ఉగాది వచ్చేది సరిగ్గా ఇక్కడి మంటల కాలానికి ముందు. పచ్చడి తిని, పంచాంగం వినటం అయిన తరువాత ఆ సంచులు దించి, మాత్రల గడువు, టార్చి బ్యాటరీలు చూసుకోవటం మా ఇంట ఆచారమైంది. మీ ఇంట కూడ ఈ ఉగాది నుండి దానిని ఆచారం చేసుకోవచ్చు.